ప్రాణాలు కాపాడే మాస్క్ చేశారు.. అమ్మడానికి మాత్రం ముఖం దాచుకున్నారు! ఎవరీ గ్యారెట్ మోర్గాన్?

పొగ నుంచి ఫైర్ సిబ్బందిని కాపాడే పరికరం తయారు చేశారు. రోడ్డు మీద ప్రమాదాలు తగ్గించే సిగ్నల్‌కు పేటెంట్ తీసుకున్నారు. విషవాయువు నిండిన సొరంగంలోకి స్వయంగా దిగి మనుషులను బయటకు తెచ్చారు. కానీ ఆ పరికరాన్ని కనిపెట్టింది తానేనని జనం ముందు నిలబడి చెప్పుకోలేకపోయారు. ఎందుకంటే ఆయన నల్లజాతివాడు. కాలం 1914. దేశం అమెరికా.

ఆయన పేరు గ్యారెట్ అగస్టస్ మోర్గాన్. ఈ పేరుతో సోషల్ మీడియాలో బోలెడు రీల్స్ తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని నిజం, కొన్ని మసాలా. అసలు ఆయన ఏం కనిపెట్టారు? అది ఎలా పనిచేసేది? ఆ పరికరం కాపాడిన ప్రాణాలకు ఆయనకు దక్కిన ప్రతిఫలం ఏంటి? పూర్తి కథ చూద్దాం.

బానిసత్వం పోయిన 12 ఏళ్లకు పుట్టారు

మోర్గాన్ 1877 మార్చి 4న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, పారిస్ అనే చిన్న పట్టణం దగ్గర పుట్టారు. ఫ్రాన్స్‌లోని పారిస్ కాదు.. అదే పేరున్న పల్లెటూరి పట్టణం. అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ రాజ్యాంగ సవరణ వచ్చింది 1865లో. అంటే అప్పటికి 12 ఏళ్లే అయింది. ఆయన తల్లిదండ్రులు అంతకుముందు బానిసలుగా బతికినవాళ్లే. పదకొండు మంది సంతానంలో మోర్గాన్ ఏడోవాడు.

పొలం పని చేసుకుంటూనే ప్రాథమిక స్థాయి వరకు చదివారు. అంతే.. ఆ తర్వాత బడి లేదు. 14 ఏళ్ల వయసులో పని వెతుక్కుంటూ ఇల్లు వదిలి, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటికి వెళ్లారు. అక్కడ ఒక ధనవంతుడి దగ్గర చిల్లర మల్లర పనులు చేశారు. వచ్చిన జీతంలోంచే కొంత పక్కన పెట్టి, ఒక ట్యూటర్‌ను పెట్టుకుని ఇంగ్లీష్ వ్యాకరణం నేర్చుకున్నారట. తినడానికి సరిపోని జీతంలో చదువుకు డబ్బు తీయడమంటే మాటలు కాదు.

1895లో క్లీవ్‌లాండ్ చేరుకున్నారు. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న పారిశ్రామిక నగరం అది. ఫ్యాక్టరీలు, ఓడలు, ఇనుము, బట్టల మిల్లులు.. అప్పట్లో పని దొరికే ఊరు. మోర్గాన్ మిగతా జీవితమంతా ఆ ఊళ్లోనే గడిచింది.

చీపురు పట్టిన చోటే మెకానిక్ అయ్యారు

క్లీవ్‌లాండ్‌లో దొరికిన మొదటి పని ఒక బట్టల తయారీ సంస్థలో నేల ఊడ్చడం. చుట్టూ వరుసగా కుట్టు మిషన్లు. ఒకటి ఆగిపోతే పని ఆగిపోయేది. మోర్గాన్ చీపురు పడుతూనే ఆ మిషన్లు ఎలా తిరుగుతున్నాయో గమనించడం మొదలుపెట్టారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. విప్పి చూసి, బిగించి చూసి నేర్చుకున్నారు. కొన్నాళ్లకే మిషన్లు బాగుచేసే మెకానిక్‌గా పేరొచ్చింది.

ఆయన మొదటి ఆవిష్కరణ కూడా అక్కడే పుట్టింది. అప్పటి ఫ్యాక్టరీల్లో ఒక్కో మిషన్‌కు ఒక్కో మోటారు ఉండేది కాదు. బెల్టుల ద్వారా మిషన్లను తిప్పేవారు. ఆ బెల్టు రెండు కొసలు కలిసే చోట పట్టు వదిలితే మిషన్ ఆగిపోతుంది. ఆ కొసలను గట్టిగా పట్టి ఉంచే ఒక బెల్ట్ ఫాస్టెనర్‌ను మోర్గాన్ తయారు చేశారు. చూడ్డానికి చిన్న వస్తువే. కానీ రోజూ పని చేసేవాడికి మాత్రమే తెలిసే ఇబ్బందిని తీర్చింది.

ఆయన తర్వాత చేసిన పనులన్నింటిలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ల్యాబ్ లేదు, డిగ్రీ లేదు. ఎక్కడ ఏం ఆగిపోతోంది, ఎవరికి దెబ్బ తగులుతోంది అని చూడటం.. దానికి చవకలో, సులువుగా తయారయ్యే విరుగుడు వెతకడం.

సొంత షాపు.. సొంత ఫ్యాక్టరీ

1907లో మోర్గాన్ కుట్టు మిషన్ల రిపేర్ షాపు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది మేరీ ఆన్ హాసెక్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె కుట్టుపని చేసే మహిళ. ఐరోపా నుంచి వలస వచ్చిన తెల్లజాతి యువతి. మోర్గాన్ పుట్టిన కెంటకీలో అయితే ఇలాంటి పెళ్లి చట్టప్రకారం నేరం. ఒహాయోలో ఆ నిషేధాన్ని అప్పటికే ఎత్తేశారు. చట్టం ఒప్పుకున్నా సమాజం ఒప్పుకోవడం వేరే సంగతి కదా.. అయినా ఇద్దరూ 50 ఏళ్లకు పైగా కలిసి బతికారు. ముగ్గురు కొడుకులు.

1909లో భార్యాభర్తలు కలిసి బట్టల తయారీ షాపు మొదలుపెట్టారు. అందులో 32 మంది పనిచేసేవారు. కోట్లు, గౌన్లు కుట్టేవారు. మిషన్లన్నీ మోర్గాన్ స్వయంగా బిగించినవే. నేల ఊడ్చినవాడు పదిహేనేళ్లు తిరగకుండానే 32 మందికి జీతం ఇచ్చే స్థాయికి ఎదిగారు.

ఈ షాపులోనే ఒక తమాషా జరిగింది. కుట్టు మిషన్ సూది వేగంగా ఆడితే వేడెక్కి, ఉన్ని బట్ట కమిలిపోయేది. దాన్ని ఆపడానికి మోర్గాన్ ఒక ద్రవం తయారు చేస్తున్నారు. చేతికంటిన ద్రవాన్ని ఒక బట్టకు తుడిచి భోజనానికి వెళ్లొచ్చి చూస్తే, ఆ బట్ట నూగు అంతా నిటారుగా అయిపోయింది. అనుమానం వచ్చి పక్కింటివాళ్ల కుక్క బొచ్చు మీద ప్రయోగించారు. బొచ్చు సాఫీ అయిపోయింది. ఆ తర్వాత తన జుట్టు మీదే రాసి చూసుకున్నారు. అలా పుట్టింది జుట్టును సాఫీ చేసే క్రీమ్. దానికోసం పెట్టిన కంపెనీ బాగా నడిచింది. ఇక్కడ అసలు పాయింట్ ఏంటంటే.. ఆ క్రీమ్ తెచ్చిన డబ్బే ఆయనకు మిగతా ప్రయోగాలు చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ఎవరి దగ్గరా చేయి చాచాల్సిన పని లేకపోయింది.

పొగ పైకి వెళ్తుంది.. అక్కడే దొరికింది ఐడియా

అగ్నిప్రమాదాల్లో చాలామంది మంటల వల్ల కాకుండా పొగ వల్లే చనిపోతారు. కాపాడటానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది కూడా ఊపిరాడక పడిపోతారు. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ అనే బట్టల ఫ్యాక్టరీలో మంటలు చెలరేగి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది కుట్టుపని చేసే యువతులే. దేశమంతా ఉలిక్కిపడింది. మోర్గాన్ నడిపేది కూడా అలాంటి బట్టల షాపే.

ఆ మరుసటి ఏడాది, 1912 ఆగస్టులో మోర్గాన్ ఒక శ్వాస పరికరానికి పేటెంట్ దరఖాస్తు చేశారు. దాన్ని సేఫ్టీ హుడ్ అని పిలిచారు. 1914 అక్టోబర్ 13న పేటెంట్ వచ్చింది. నంబర్ 11,13,675.

ఇది ఎలా పనిచేసేదంటే.. తల మొత్తాన్ని, భుజాల దాకా కప్పేసే ఒక ముసుగు ఉంటుంది. కళ్ల దగ్గర చూడటానికి కిటికీ లాంటి ఏర్పాటు. ముసుగు నుంచి ఒక పొడవాటి గొట్టం వెనక్కి వేలాడుతూ దాదాపు నేలను తాకేంత వరకు వస్తుంది. గొట్టం చివర నీళ్లలో తడిపిన స్పాంజి.

ఎందుకలా? వేడి పొగ పైకి లేస్తుంది. గదంతా పొగ నిండినా, నేలకు దగ్గరగా ఉన్న గాలి కొంతసేపు కాస్త శుభ్రంగా, చల్లగా ఉంటుంది. పొగలో చిక్కుకుంటే వంగి, పాకుతూ బయటకు రండి అని ఫైర్ సిబ్బంది ఇప్పటికీ చెప్పేది అందుకే. మోర్గాన్ చేసిందల్లా ఏంటంటే.. మనిషి నిలబడి పనిచేస్తూనే నేల దగ్గరి గాలిని పీల్చుకునేలా చేయడం. తడి స్పాంజి ఆ గాలిలోని మసిని కొంత ఆపుతుంది, గాలిని చల్లబరుస్తుంది. వదిలిన ఊపిరి బయటకు పోవడానికి వేరే దారి పెట్టారు. ముసుగు క్షణాల్లో తగిలించుకోవచ్చు, క్షణాల్లో తీసేయొచ్చు.

పొగ నుంచి కాపాడే మాస్కుల ఆలోచన మోర్గాన్‌తోనే మొదలు కాలేదు. 1870ల్లోనే బ్రిటన్‌లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త ఫైర్ సిబ్బంది కోసం ఫిల్టర్ మాస్క్ రూపొందించారు. గనుల్లో వాడే ఆక్సిజన్ పరికరాలు కూడా అప్పటికే ఉన్నాయి. కానీ అవి బరువు, ఖర్చు ఎక్కువ. వాడటానికి శిక్షణ కావాలి. మోర్గాన్ హుడ్ తేలిక, చవక, ఎవరైనా వేసుకోగలరు. ఆయన గొప్పతనం అక్కడుంది.

పేటెంట్‌లో రంగు లేదు.. మార్కెట్‌లో ఉంది

పేటెంట్ కాగితం మీద ఉండేది పేరు, ఊరు, బొమ్మలు, వివరణ. కనిపెట్టినవాడి ఒంటి రంగు ఆ కాగితంలో కనపడదు. కానీ సరుకు అమ్మడానికి బయటకు వెళ్తే? అక్కడే అసలు చిక్కు వచ్చిపడింది.

హుడ్ అమ్మడానికి 1914లో నేషనల్ సేఫ్టీ డివైస్ కంపెనీ ఏర్పాటైంది. అదే ఏడాది న్యూయార్క్‌లో జరిగిన భద్రత, పారిశుద్ధ్య ప్రదర్శనలో హుడ్‌కు గోల్డ్ మెడల్ వచ్చింది. వస్తువు మంచిదే. అయినా అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక నల్లజాతి వ్యక్తి చేసిన పరికరాన్ని ఫైర్ డిపార్ట్‌మెంట్లు కొంటాయా? స్కూళ్లు వేరు, రైలు బోగీలు వేరు, నీళ్ల కుళాయిలు కూడా వేరుగా ఉన్న రోజులవి.

మోర్గాన్ ఒక ఉపాయం చేశారు. ఊరూరా ప్రదర్శనలు పెట్టేటప్పుడు హుడ్ గురించి మాట్లాడే పని ఒక తెల్లజాతి వ్యక్తికి అప్పగించేవారు. తాను మాత్రం కెనడాలోని వాల్పోల్ ఐలాండ్‌కు చెందిన బిగ్ చీఫ్ మేసన్ అనే మూలవాసి వేషం కట్టేవారు. ఒక గుడారం వేసి, లోపల తారు, గంధకం, పేడ లాంటివి తగలబెట్టి దట్టమైన పొగ పెట్టేవారు. ఆ వేషంలోనే హుడ్ తగిలించుకుని లోపలికి వెళ్లి, 20 నిమిషాల దాకా ఉండి, ఏమీ కానట్టు బయటకు వచ్చేవారు. 1914లో న్యూ ఆర్లీన్స్‌లో చేసిన ప్రదర్శన గురించి అక్కడి పత్రిక కూడా రాసింది.

చూస్తున్న జనం చప్పట్లు కొట్టేవారు. ఆర్డర్లు వచ్చేవి. కానీ ఆ గుడారంలోంచి బయటకొచ్చిన మనిషే హుడ్ తయారు చేశాడని వాళ్లలో ఎవరికీ తెలియదు. ముసుగు తీసినా ఇంకో ముసుగు ఉండేదన్నమాట.

1916 జులై 24.. సరస్సు కింద పేలుడు

క్లీవ్‌లాండ్‌కు తాగునీరు ఈరీ సరస్సు నుంచే వస్తుంది. తీరం దగ్గర నీళ్లు మురికైపోవడంతో, ఇంకా లోపలి నుంచి శుభ్రమైన నీరు తేవడానికి సరస్సు అడుగున సొరంగం తవ్వుతున్నారు. తీరానికి కిలోమీటర్ల దూరంలో, నీటి మధ్యలో ఒక కట్టడం.. దాని నుంచి కిందకు దిగితే 100 అడుగులకు పైగా లోతున సొరంగం.

1916 జులై 24 రాత్రి కార్మికులు తవ్వుతుండగా భూమిలో చిక్కుకుని ఉన్న సహజ వాయువు ఒక్కసారిగా బయటకు వచ్చి పేలింది. లోపలున్నవాళ్లు చిక్కుకుపోయారు. కాపాడటానికి ఒక బృందం దిగింది. తిరిగి రాలేదు. ఇంకో బృందం దిగింది. వాళ్లలో కూడా చాలామంది విషవాయువుకు కుప్పకూలారు. పైనున్నవాళ్లకు ఏం చేయాలో పాలుపోలేదు.

అప్పుడు అక్కడున్న ఒకరికి మోర్గాన్ హుడ్ ప్రదర్శన గుర్తుకొచ్చింది. అర్ధరాత్రి దాటాక ఆయన ఇంటికి కబురు వెళ్లింది. మోర్గాన్ పడుకున్న పైజామాతోనే లేచి, సోదరుడు ఫ్రాంక్‌ను వెంటబెట్టుకుని, చేతికందిన హుడ్‌లన్నీ కారులో వేసుకుని సరస్సు ఒడ్డుకు పరుగెత్తారు.

అక్కడున్నవాళ్లకు నమ్మకం కుదరలేదు. అప్పటికే రెండు బృందాలు దిగి ప్రాణాల మీదకు తెచ్చుకున్నాయి. ఒక గుడ్డ ముసుగు వేసుకుని మళ్లీ ఎవరు దిగుతారు? మోర్గాన్, ఫ్రాంక్ ముందుకొచ్చారు. ఇంకో ఇద్దరు వాలంటీర్లు కలిశారు. నలుగురూ హుడ్‌లు తగిలించుకుని చీకట్లోకి దిగారు. కొద్దిసేపటికి ప్రాణంతో ఉన్న మనిషిని మోసుకుంటూ పైకి వచ్చారు. అది చూశాకే మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. హుడ్‌లు వేసుకుని ఇంకొందరు దిగారు. మోర్గాన్ ఒక్కసారితో ఆగలేదు.. పలుమార్లు లోపలికి వెళ్లొచ్చారు.

ఇద్దరిని ప్రాణాలతో బయటకు తేగలిగారు. చనిపోయినవాళ్ల మృతదేహాలను వెలికి తెచ్చారు. మొత్తమ్మీద ఆ ప్రమాదంలో 20 మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. పరికరాలు ముందే అక్కడ ఉండి ఉంటే, కనీసం కాపాడటానికి దిగినవాళ్లయినా బతికేవాళ్లు.

మెడల్స్ అందరికీ.. ఆయనకు తప్ప

ఆ తర్వాత జరిగిందే ఈ కథలో చేదు భాగం. సాహసం చేసినవాళ్లను గుర్తించే కార్నెగీ హీరో ఫండ్ ఈ ఘటనలో పాల్గొన్న ఇతరులకు పతకాలు ఇచ్చింది. మోర్గాన్‌కు ఇవ్వలేదు. నగర పాలక సంస్థ నుంచి కూడా ఆయనకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. 1917లో మోర్గాన్ క్లీవ్‌లాండ్ మేయర్ హ్యారీ డేవిస్‌కు లేఖ రాశారు. తన పట్ల ఎందుకు న్యాయంగా వ్యవహరించలేదని నేరుగా నిలదీశారు. నగరంలోని కొందరు పౌరులు మాత్రం సొంతంగా ముందుకొచ్చి, వజ్రాలు పొదిగిన బంగారు పతకంతో ఆయన్ను సత్కరించారు.

దెబ్బ అక్కడితో ఆగలేదు. సొరంగం వార్తతో హుడ్‌కు పేరొచ్చింది. దాంతోపాటే దాన్ని చేసింది నల్లజాతి వ్యక్తి అన్న సంగతి కూడా బయటపడింది. కొన్ని ఊళ్ల ఫైర్ డిపార్ట్‌మెంట్లు, ముఖ్యంగా దక్షిణాదివి, ఇచ్చిన ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఆలోచించండి.. హుడ్ మారలేదు. స్పాంజి మారలేదు. అది పనిచేస్తుందని సొరంగంలోనే రుజువైంది. అయినా వద్దనుకున్నారు. ఆ నిర్ణయం వల్ల నష్టపోయింది మోర్గాన్ ఒక్కరే కాదు.. ఆ ఊళ్లలో పొగలోకి వట్టి ముఖంతో దిగిన ఫైర్ సిబ్బంది కూడా.

మన మ్యాన్‌హోల్స్‌కూ వర్తించే పాఠం

క్లీవ్‌లాండ్ సొరంగంలో జరిగినది చదువుతుంటే మనకు తెలిసిన వార్తలే గుర్తొస్తాయి. మ్యాన్‌హోల్‌లో ఒకరు దిగి పడిపోవడం, కాపాడబోయిన రెండో వ్యక్తి కూడా పడిపోవడం.. తెలుగు రాష్ట్రాల్లో సహా దేశంలో ఇలాంటి మరణాలు పదే పదే చూస్తున్నాం. మనుషులతో ప్రమాదకరంగా మురుగు శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు రూ.30 లక్షలకు పెంచింది.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. మోర్గాన్ హుడ్ అయినా, ముఖానికి కట్టుకునే ఏ ఫిల్టర్ మాస్క్ అయినా ఉన్న గాలిని వడకడుతుందే తప్ప ఆక్సిజన్‌ను పుట్టించదు. ఆక్సిజనే లేని గుంతలో ఫిల్టర్ పనికిరాదు. అందుకే ఇలాంటి చోట్ల ముందు గ్యాస్ ఉందో లేదో పరీక్షించాలి, బ్లోయర్‌తో గాలి పంపాలి, దిగక తప్పని పరిస్థితిలో సిలిండర్‌తో గాలి అందే పరికరం, నడుముకు బెల్టు, పైకి లాగే తాడు ఉండాలి. పడిపోయినవాడిని చూసి ఆత్రంతో వట్టి చేతులతో దూకడం అస్సలు చేయకూడదు.

ఇక ట్రాఫిక్ సిగ్నల్ సంగతి

1920ల నాటికి క్లీవ్‌లాండ్ రోడ్ల మీద అన్నీ కలిసి తిరిగేవి. కార్లు, గుర్రపు బండ్లు, సైకిళ్లు, ట్రామ్‌లు, సరుకుల బండ్లు, పాదచారులు. మోర్గాన్‌కు అప్పటికే సొంత కారు ఉంది. క్లీవ్‌లాండ్‌లో కారు కొన్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనేనని చెబుతారు. ఒకరోజు కారు, గుర్రపు బండి ఢీకొన్న ప్రమాదాన్ని కళ్లారా చూశారట. మళ్లీ అదే పద్ధతి.. ఎక్కడ తేడా కొడుతోందని ఆలోచించారు.

అప్పటి సిగ్నళ్లలో చాలావాటికి రెండే మాటలు తెలుసు. ఆగు, వెళ్లు. ఒక మాట నుంచి ఇంకో మాటకు ఠక్కున మారిపోయేది. కూడలి మధ్యలో ఉన్న బండి దాటేలోపే అడ్డం నుంచి ఇంకో బండి దూసుకొచ్చేది.

మోర్గాన్ సిగ్నల్ టీ ఆకారంలో ఉన్న స్తంభం. దానికి కదిలే చేతులు ఉంటాయి. కింద ఉన్న హ్యాండిల్ తిప్పితే చేతులు తిరుగుతాయి, పైకి లేస్తాయి. ఒక స్థితిలో ఒకవైపు బండ్లకు దారి, ఇంకో స్థితిలో రెండోవైపుకు దారి. మూడో స్థితిలో అన్ని వైపుల వాహనాలూ ఆగాలి. ఆ ఖాళీలో కూడలి క్లియర్ అవుతుంది, నడిచేవాళ్లు రోడ్డు దాటుతారు. రాత్రిపూట సిబ్బంది లేనప్పుడు చేతులను సగం ఎత్తులో వదిలేయొచ్చు.. అది చూసి డ్రైవర్లు నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లాలి. 1923 నవంబర్ 20న దీనికి పేటెంట్ వచ్చింది. నంబర్ 14,75,024. బ్రిటన్, కెనడాల్లో కూడా పేటెంట్ తీసుకున్నారు. ఆ హక్కులను జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు 40 వేల డాలర్లకు అమ్మారని చెబుతారు. అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం.

రీల్స్‌లో చెప్పేది ఎంత నిజం?

ట్రాఫిక్ సిగ్నల్‌ను ప్రపంచంలో మొట్టమొదట కనిపెట్టింది మోర్గానే అని చాలా వీడియోల్లో వినిపిస్తుంది. ఇది నిజం కాదు. 1868లోనే లండన్‌లో పార్లమెంట్ దగ్గర గ్యాస్ దీపంతో పనిచేసే సిగ్నల్ పెట్టారు. కొద్ది నెలలకే, 1869 జనవరిలో అది పేలి ఒక పోలీసు గాయపడ్డాడు. మోర్గాన్ ఉన్న క్లీవ్‌లాండ్‌లోనే 1914 ఆగస్టు 5న యూక్లిడ్ అవెన్యూలో కరెంటు సిగ్నల్ మొదలైంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.. ఈ మూడు రంగుల సిగ్నల్‌ను 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి పెట్టించారు.

అలాగే మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు వాడిన గ్యాస్ మాస్క్ మోర్గాన్‌దే అన్న మాట. యుద్ధంలో ప్రయోగించిన క్లోరిన్, ఫాస్జీన్ లాంటి విషవాయువులను ఆపాలంటే బొగ్గు, రసాయనాలతో నింపిన ఫిల్టర్ కావాలి. మోర్గాన్ తడి స్పాంజి హుడ్ ప్రధానంగా పొగ కోసం చేసింది. రెండూ వేర్వేరు.

మరి ఆయన గొప్పతనం తగ్గిందా? ఏమాత్రం లేదు. ఏ ఆవిష్కరణా ఒక్కరి తలలోంచి ఊడిపడదు. ఒకరు మొదలుపెడతారు, ఇంకొకరు బాగుచేస్తారు, మరొకరు చవక చేస్తారు. మోర్గాన్ చేసింది ఆ బాగుచేసే పని. దానికి లేని కిరీటాలు తగిలించాల్సిన అవసరం లేదు. సొరంగంలోకి దిగిన ఆ ఒక్క రాత్రి చాలు.

తనవాళ్ల కోసం పత్రిక

మోర్గాన్ ఆవిష్కరణలతోనే ఆగిపోలేదు. 1908లో క్లీవ్‌లాండ్‌లో నల్లజాతివాళ్ల హక్కుల కోసం ఏర్పడిన సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరు. 1920లో క్లీవ్‌లాండ్ కాల్ అనే పత్రిక ప్రారంభించారు. పెద్ద పత్రికలు పట్టించుకోని నల్లజాతి సమాజం వార్తలకు అది వేదికైంది. తర్వాతి కాలంలో కాల్ అండ్ పోస్ట్‌గా మారి దశాబ్దాల పాటు నడిచింది. 1931లో నగర కౌన్సిల్ ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయారు.

1943లో గ్లకోమా సోకింది. చూపు క్రమంగా చాలావరకు పోయింది. అయినా చేతులు ఊరుకోలేదు. సిగరెట్ తాగుతూ నిద్రపోతే ఇళ్లు తగలబడుతున్నాయని, దానంతట అదే ఆరిపోయే సిగరెట్ మీద పనిచేశారు. ఫిల్టర్‌కు ముందు నీళ్లున్న చిన్న గుళిక.. నిప్పు అక్కడికి రాగానే పగిలి ఆర్పేస్తుంది. చూపు తగ్గిన వయసులో కూడా ఆయన ఆలోచన నిప్పు, పొగ, ప్రాణం చుట్టూనే తిరిగింది.

1963 జులై 27న, 86 ఏళ్ల వయసులో మోర్గాన్ కన్నుమూశారు. క్లీవ్‌లాండ్‌లోని లేక్ వ్యూ స్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి. నల్లజాతివాళ్ల సమాన హక్కుల కోసం వాషింగ్టన్‌లో లక్షల మంది కదిలిన చారిత్రక ప్రదర్శన జరిగింది సరిగ్గా ఆ మరుసటి నెలలోనే. దాన్ని ఆయన చూడలేకపోయారు.

గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. 2005లో అమెరికా నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. క్లీవ్‌లాండ్‌లో ఒక స్కూల్‌కు ఆయన పేరు పెట్టారు. వీటన్నింటికంటే అర్థవంతమైనది ఇంకొకటి ఉంది. నగరానికి ఈరీ సరస్సు నీటిని శుద్ధి చేసి అందించే ప్లాంట్లలో ఒకదానికి 1991లో గ్యారెట్ మోర్గాన్ పేరు పెట్టారు. 1916లో ఆయన ప్రాణాలకు తెగించి దిగింది ఆ సరస్సు నీటి కోసం తవ్విన సొరంగంలోకే. ఆ రోజు ఆయన పేరు చెప్పడానికి వెనకాడిన ఊరు, ఇప్పుడు ఆయన పేరున్న ప్లాంట్ నుంచి వచ్చే నీళ్లు తాగుతోంది.